ఆపరేషన్ గది గుమ్మం మీద సామెత

ఆ ఆదివారం ఉదయం బావమరిది నెత్తిన పడిన పని చాలా చిన్నది. ఆసుపత్రి గోడలకు తెల్లసున్నం కొట్టించాలి. అక్కతో కలిసి డాక్టర్ల సదస్సుకు బయలుదేరిన బావ కారులో కూర్చున్నాక కూడా అద్దం దించి ఆ మాటే మళ్ళీ చెప్పాడు.

"సున్నం కొట్టించు. అంతే. దాని మీద నీ తెలివి కొట్టించకు."

"అలాగే బావా."

"అలాగే అని నువ్వు అన్నప్పుడల్లా నాకు భయం. చూడు, ఈసారి ఇంకేదైనా మెరుగు చేశావని తెలిసిందా, నిన్ను మీ మామగారి మిల్లుకి నేనే బండెక్కిస్తాను. ఆయన ఇప్పటికే రెండుసార్లు అడిగాడు."

కారు వెళ్ళిపోయింది. బావమరిది కాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆసుపత్రి బావది, బావ భార్య తనకు స్వయానా అక్క, కాబట్టి మేనేజరు కుర్చీ తనది. అందులో ఎవరికీ అనుమానం లేదు. అనుమానం లేదు కాబట్టే అక్కడ అందరూ అతన్ని 'బావమరిదిగారూ' అనే పిలుస్తారు. తాత వయసున్న స్ట్రెచరు తాత దగ్గర్నుంచి, నిన్న చేరిన రోగి వరకూ. అసలు పేరు జీతం తీసుకునేటప్పుడు సంతకంలో తప్ప ఎక్కడా కనిపించదు.

ఇంతకు ముందు అతను చేసిన మెరుగులు రెండు. రోగి పిలిస్తే నర్సుకి వినపడాలని మంచానికొక గంట కట్టించాడు. ఒకరు మోగిస్తే పక్కవాళ్ళూ మోగించారు, వీధి వీధంతా నిప్పంటుకుందనుకుని బిందెలతో నీళ్ళు తెచ్చింది. తర్వాత, రోగులు హుషారుగా ఉంటారని వార్డులో నిలువుటద్దాలు పెట్టించాడు. తమ మొహాలు తాము చూసుకుని సగం మందికి జ్వరం పెరిగింది. రెండుసార్లూ బావ పీకించేశాడు. రెండుసార్లూ ఆలోచన మంచిదేననీ జనమే ఇంకా ఎదగలేదనీ బావమరిది తీర్మానించుకున్నాడు.

ఇక మామగారి మిల్లు. అది కలప కోసే రంపపు మిల్లు. అక్కడ పగలంతా రంపం రొద, ముక్కులోకీ అన్నంలోకీ పొట్టు. ఆ రొద మీద వినపడడానికి అలవాటుపడి మామగారు ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరి దాకా వినిపించేలా అడుగుతాడు. అక్కడ చేరడమంటే పగలంతా నౌకరు, రాత్రంతా అల్లుడు. ఆ సంగతి తలచుకుంటేనే బావమరిదికి నెత్తిన పొట్టు రాలినట్టుండేది.

అలాంటి మామగారే మర్నాడు ఈ ఆసుపత్రికి వస్తున్నాడు. పిత్తాశయంలో రాళ్ళు. సదస్సు నుంచి తిరిగి రాగానే బావే వాటిని తీయాలి. వీధికి అటువైపు కొత్తగా వెలిసిన అద్దాల ఆసుపత్రిని కాదని, అల్లుడున్నాడన్న ఒక్క కారణంతో ఇక్కడ కోయించుకుంటానన్నాడు. ఇది సవ్యంగా జరిగిపోతే బావ దగ్గర తన కుర్చీకి ఢోకా ఉండదు. జరగకపోతే, మామగారు తిరిగి వెళ్ళేటప్పుడు బండిలో తనకీ ఒక చోటు ఉంటుంది.

మధ్యాహ్నానికి సున్నం పని అయిపోయింది. గోడలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డ బావమరిదికి చేతులు దురదపెట్టాయి. ఎదుటి ఆసుపత్రిలో తలుపు మీద, బల్ల మీద, ఆఖరికి చెత్తబుట్ట మీద కూడా ఇంగ్లీషే. జనం అటు వెళ్ళడానికి కారణం అదేనని అతని గట్టి నమ్మకం. సొరుగులో ఇంగ్లీషు సామెతలూ వాటి అర్థాలూ ఉన్న పుస్తకం ఒకటి ఎప్పటినుంచో ఉంది. బావ తెలివి కొట్టించొద్దన్నాడు, నిజమే. కాని సామెతలు తన తెలివి కాదు కదా, ఇంగ్లీషువాళ్ళ తెలివి.

బోర్డుల పెయింటరును పిలిపించాడు. ఆ వీధిలో ఏ దుకాణం పేరు చూసినా అతని చేతివ్రాతే. పుస్తకంలో తనకు నచ్చిన సామెతల పక్కన పెన్సిలుతో గీతలు పెట్టి చేతికిచ్చాడు.

"పైన ఇంగ్లీషు, కింద తెలుగు. ఇంగ్లీషు గౌరవానికి, తెలుగు అర్థానికి. రేపు తెల్లారేసరికి అయిపోవాలి."

పెయింటరు పుస్తకం తిరగేశాడు. "ఏది ఎక్కడ రాయమంటారు బావమరిదిగారూ?"

"మంచి మాటకి చోటు చూడాలా ఏమిటి? మంచి మాట ఏ గోడ మీదున్నా మంచి మాటే. బంగారం ఎక్కడ పెట్టినా బంగారం కాదూ?"

"అంటే నా ఇష్టమేనా?"

"నీ ఇష్టమే. నీ పనితనం నాకు తెలీదా!"

పెయింటరు టేపు తీశాడు. అతనికి తన వృత్తిలో ఒకే ఒక్క నియమం ఉంది. అక్షరం ఇరుక్కోకూడదు, చోటు మిగలకూడదు. పొట్టి గుమ్మానికి పొట్టి సామెత, బారు గోడకు బారు సామెత. ఆ గోడ వెనక కోత గది ఉందా, కాన్పు గది ఉందా అన్నది టేపులో కనపడదు. బావమరిది సంతృప్తిగా మామగారిని తీసుకురావడానికి అత్తవారింటికి బస్సెక్కాడు.

సోమవారం ఉదయం మామగారి కారులో ముగ్గురూ వచ్చారు. ముందు సీట్లో డ్రైవరు పక్కన మామగారు, వెనక అత్తగారు, ఆమె పక్కన ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని బావమరిది. దారి పొడుగునా అతను ఆసుపత్రి గురించి చెబుతూనే ఉన్నాడు.

"గోడలే మాట్లాడతాయి మామయ్యగారూ, మీరే చూస్తారుగా."

"గోడలు మాట్లాడడమేమిటయ్యా, డాక్టరు మాట్లాడితే చాలు," అన్నాడు మామగారు. పక్కన సైకిలు మీద పోతున్న మనిషి తనని అన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

ఆసుపత్రి గేటు ముందు జాతరలా జనం. బావమరిది గుండె ఉప్పొంగింది. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, జనం గేటు లోపలికి రావడం లేదు, బయటికి వస్తున్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే గేటు పక్కనున్న పళ్ళబండి మీద పడుతున్నారు. బండివాడు బావమరిదిని చూసి రెండు చేతులూ జోడించాడు.

"మీ దయ బావమరిదిగారూ! ఎర్రవి అయిపోయాయి, ఆకుపచ్చవి కూడా అయిపోతున్నాయి."

"ఏమిటి సంగతి?"

"లోపల డాక్టరుగారి గది మీద రాయించారుగా. రోజుకో యాపిల్ తింటే డాక్టరుతో పనే లేదని. డాక్టరుగారే అలా చెప్పాక ఇంక టోకెన్ తీసుకుని కూర్చోవడం దేనికని..."

మామగారు అల్లుడి వైపు చూశాడు. బావమరిది తడుముకోలేదు. "ప్రజల్లో ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగింది మామయ్యగారూ. మాకు కావలసింది అదే." చెప్పాక, ఆ మాట తనకే నచ్చింది.

లోపల ముందు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి మామూలుగా అయితే ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంది. ఇవాళ బల్ల మీద చేతులు కట్టుకుని బొమ్మలా కూర్చుంది.

"మామయ్యగారి ఫైలు తియ్యమ్మా."

అమ్మాయి చిరునవ్వు నవ్వి చూపుడువేలు పైకి చూపించింది. ఆమె తల మీద చిన్న కమానులో సరిగ్గా పట్టేలా 'సైలెన్స్ ఈజ్ గోల్డెన్', దాని కింద 'మౌనమే బంగారం' అని ముచ్చటగా రాసి ఉంది.

"అది రోగుల కోసం. నువ్వు మాట్లాడచ్చు."

"నిజంగానా? పొద్దుట్నుంచీ ఫోను మోగుతుంటే చూస్తూ కూర్చున్నానండీ. ఎంత హాయిగా ఉందో! మీరు మాత్రం దేవుడు బావమరిదిగారూ," అని అమ్మాయి ఫైలు తీసిచ్చి, "డాక్టరుగారు కూడా చేశారనుకుంటా," అని తాపీగా చేర్చింది.

బావమరిది వినిపించుకోలేదు. అప్పటికే నర్సుల గది ముందు ఇంకో గుంపు కనపడింది. పెద్దసిస్టరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక మిగతా సిస్టర్లు. వాళ్ళ తలల మీద బారుగా ఇంగ్లీషులో వంటవాళ్ళ సామెత, కింద తెలుగులో 'మంది ఎక్కువైతే మజ్జిగ పలచన'.

"ఎవరిని తీసేస్తున్నారో చెప్పండి బాబూ. పేరు చెప్తే బట్టలు సర్దుకుంటాం."

"తీసెయ్యడమేమిటి సిస్టర్! అది సామెత. నలుగురు వంటవాళ్ళు చేరితే పులుసు పాడవుతుందని ఇంగ్లీషువాళ్ళు అంటారు."

"మేం వంటవాళ్ళమా?"

"కాదు, కాదు. ఉదాహరణకి."

"ఉదాహరణకి అయితే మీ గది మీద రాయించుకోకపోయారా? అక్కడా మీరు, మీ కుర్చీ, మీ ఫ్యాను, ముగ్గురున్నారు. సామెత నోటితో అంటే సామెత బాబూ. రంగుతో రాస్తే నోటీసు. పేరు చెప్పేదాకా సూది పట్టం."

సూది పట్టకపోతే మామగారికి ఆపరేషనుకు ముందు ఇవ్వాల్సిన మత్తుసూది లేదు. అది బావమరిదికి ప్రస్తుతానికి పెద్ద విషయంగా తోచలేదు. "సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం," అని హామీ ఇచ్చి మామగారిని వార్డులోకి నడిపించాడు. ప్రత్యేక గదిలో రంగు ఇంకా తడిగా ఉంది, కాసేపు వార్డులో పడుకోబెట్టక తప్పలేదు.

మామగారు మంచం మీద వెనక్కి వాలాడు. అత్తగారు దిండు సర్ది, తలెత్తి, గోడ చదివి, నిలబడ్డచోటే కూలబడింది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు అల్లుడుగారూ!"

తల వైపు గోడ మీద నల్లగా, కొట్టొచ్చినట్టు ఉంది. 'ఊపిరి ఉన్నంత వరకూ ఆశ ఉంటుంది.'

"అత్తయ్యగారూ, రాళ్ళండీ, ఉత్త రాళ్ళు. ఆ రాత మామయ్యగారికి కాదు."

"మరెవరికి?"

"పక్క మంచానికి," అనేశాడు తొందరలో.

పక్క మంచం మీద చీలమండ బెణికి, కట్టు కట్టించుకుని పేపరు చదువుకుంటున్న రిటైర్డ్ హెడ్మాస్టరు పేపరు దించాడు. "ఏమన్నావూ? నాకా? నాకు కాలు బెణికిందయ్యా!"

"మీక్కూడా కాదు మాస్టారూ. జనరల్‌గా."

"జనరల్ వార్డులో జనరల్‌గా అంటే అందరికీ అనేగా అర్థం," అన్నాడు హెడ్మాస్టరు. మిగిలిన మంచాల మీదివాళ్ళు ఒక్కొక్కరే మెల్లగా లేచి కూర్చున్నారు. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఫోను తీసింది. చెల్లెలికి చెప్పింది. చెల్లెలు తోడికోడలికి చెప్పింది. మామగారి స్థితి వింటున్నకొద్దీ విషమిస్తూ పోయింది. ఆయన మాత్రం మంచం మీద కూర్చుని, "నాకేమైందో ఎవరైనా నాక్కూడా చెప్పండి," అని వార్డు అదిరేలా అడుగుతున్నాడు.

అప్పుడు బావమరిదికి మొదటిసారి లోపం ఎక్కడుందో తట్టింది. లోపం తెలుగులో ఉంది. ఇంగ్లీషు ఎవరినీ ఏమీ అనలేదు, అర్థమైతేనే కదా ఈ గొడవంతా! వసారాలోకి పరుగెత్తి, నిచ్చెన మీదున్న పెయింటరును కేకేశాడు.

"తెలుగు చెరిపెయ్! ఇంగ్లీషు ఉంచు, తెలుగంతా సున్నం కొట్టేసెయ్!"

"అన్నిచోట్లా?"

"అన్నిచోట్లా. ఆ చివర్నుంచి మొదలుపెట్టు."

ఆ చివరన ఉన్నది ఆపరేషన్ గది. పెయింటరు బ్రష్షు తీసుకుని అటు వెళ్ళాడు. ఇక బావ వచ్చేలోపు మామగారిని గదిలోకి చేర్చేస్తే సగం యుద్ధం గెలిచినట్టే. నర్సులు కదలరు కాబట్టి స్ట్రెచరు తాత ముందు, బావమరిది వెనక పట్టుకుని, ఆకుపచ్చ గౌనులో ఉన్న మామగారిని బండి మీద తోసుకుంటూ బయలుదేరారు. తనకు ఊపిరి ఆడేది ఎంతవరకో తేల్చుకోవాలని హెడ్మాస్టరు కూడా కర్ర ఊతంగా వెంటపడ్డాడు. మత్తు లేని మామగారు వెల్లకిలా పడుకుని, దారిలో ఉన్న గోడలన్నీ చక్కగా చదువుకుంటూ వస్తున్నాడు.

దారిలో కాన్పుల వారికి స్కానింగు తీసే గది. అక్కడ ఒక పెద్దావిడ నిండు చూలాలైన కోడలి చెయ్యి పట్టుకుని తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది.

"ఎవడయ్యా రాయించింది? ఒక తల కంటే రెండు తలలు మేలుట! మాకు ఒక్క తల చాలు. ఒక్కటుంటే చాలునని ఇన్నాళ్ళూ మొక్కుకుంటున్నాం!"

"అమ్మా, అది... ఇద్దరు కలిసి ఆలోచిస్తే మంచిదని..."

"లోపలున్నవాడు ఇప్పుడే ఆలోచించి ఏం చేస్తాడు?"

బండి ముందుకు సాగి ఆపరేషన్ గది గుమ్మం ముందు ఆగింది. పెయింటరు అప్పుడే నిచ్చెన దిగుతున్నాడు. గుమ్మం మీద 'ప్రాక్టీస్ మేక్స్ పర్‌ఫెక్ట్' అని ఇంగ్లీషులో ఉంది. దాని కింద తెలుగు ఉండాల్సిన చోట తడి సున్నం నుంచి నల్లటి చారలు కారుతున్నాయి.

మామగారు మోచేతి మీద లేచాడు. "అక్కడేదో చెరిపారు."

"ఏం లేదు మామయ్యగారూ, పడుకోండి."

"దారంతా ఏది పడితే అది రాసి ఉంచినవాళ్ళు, నన్ను కోసే గది మీదే ఎందుకు చెరిపారు? అంత చెప్పరాని మాట ఏమిటది? మాస్టారూ, మీకు ఇంగ్లీషు వచ్చునా?"

జీవితమంతా ఈ ప్రశ్న కోసమే బతికిన మనిషిలా హెడ్మాస్టరు కర్ర ఆనించి నిలబడ్డాడు. "రాకపోవడమేమిటండీ! చేయగా చేయగా చేయి తిరుగుతుంది అని దాని అర్థం. అంటే ఒకసారికి రాదు. మళ్ళీ మళ్ళీ చేస్తూ పోవాలి. తప్పులు చేస్తాం. దిద్దుకుంటాం. అలా చేస్తూ చేస్తూ ఉంటే..."

"ఆగండి," అన్నాడు మామగారు. ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. "చేసేదెవరు?"

"లోపలున్నవారు."

"ఎవరి మీద?"

హెడ్మాస్టరు సత్యవాది. "అప్పటికి బల్ల మీద ఎవరుంటే వారి మీద."

మామగారు బండి మీద నుంచి కాళ్ళు కిందికి దించాడు. "అల్లుడూ, నేను రంపం మీద తల నెరిసినవాణ్ణి. చేయి తిరగడమంటే ఏమిటో నాకు చెప్పక్కర్లేదు. మా మిల్లులో కొత్తవాడికి చేయి తిరిగేసరికి ఎన్ని దుంగలు పొయ్యిలోకి పోతాయో నాకు తెలుసు. మా పెద్ద మేస్త్రీకి చేయి తిరిగేసరికి వేళ్ళు మూడే మిగిలాయి. ఆ దుంగ నేనేనా?"

"అయ్యో మామయ్యగారూ, బావకి ఎప్పుడో చేయి తిరిగింది!"

"అయితే రాతెందుకు? రాసినవాళ్ళు చెరపడమెందుకు?"

ఈ రెండో ప్రశ్నకు బావమరిది దగ్గర జవాబు ఉంది. కాని అది చెప్పేలోపే ఆపరేషను కావలసిన మనిషి ఆపరేషను అక్కర్లేనివాడిలా వసారాలో పరుగు తీశాడు. గౌను వెనక ముడి ఊడి రెపరెపలాడుతోంది. స్కానింగు గది దగ్గరి పెద్దావిడ కోడలి కళ్ళు మూసింది. స్ట్రెచరు తాత ఖాళీ బండి తోసుకుంటూ వెంటపడ్డాడు, ఆయన పడిపోతే వేసుకొద్దామని. ముందు బల్ల దగ్గరి అమ్మాయి అంతా చూసి, వేలు పైకి చూపించి, ఏమీ అనకుండా ఊరుకుంది.

సరిగ్గా అప్పుడే గేటు ముందు బావ కారు ఆగింది. కారులోంచి దిగిన బావా అక్కా యాపిల్ పళ్ళు నములుతున్న తమ రోగులనూ, ఆకుపచ్చ గౌనులో వీధి దాటి అద్దాల ఆసుపత్రిలోకి దూరుతున్న వియ్యాలవారి పెద్దనూ, వెనక రొప్పుతూ వచ్చిన బావమరిదినీ వరసగా చూశారు.

"మీ మామగారు ఎక్కడికి?" అన్నాడు బావ.

"ఒకసారి అటు కూడా చూసొస్తానన్నారు బావా."

బావ లోపలికి నడిచాడు. ముందు బల్ల మీద చదివాడు. తన గది మీద చదివాడు. నర్సుల గది మీద చదివి, నర్సుల మొహాలు కూడా చదివాడు. ఆపరేషన్ గది గుమ్మం ముందు మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి రుమాలు తీసి, కారుతున్న సున్నం ఒక చుక్క తన చొక్కా మీద పడితే తుడుచుకున్నాడు.

"సామాను సర్దుకో," అన్నాడు మెల్లగా.

"వాడు మంచికేనండీ..." అంది అక్క.

"మంచికి చేసినప్పుడే నాకు ఎక్కువ నష్టమొస్తోంది," అని బావ బావమరిది వైపు తిరిగాడు. "మీ మామగారు అక్కడ కోయించుకుని తేరుకున్నాక నిన్ను తీసుకెళ్తారు. నేను మాట్లాడతాను. ఇప్పుడు ఆ సిస్టర్లకి ముందు క్షమాపణ చెప్పు."

బావమరిది చెప్పాడు. జీవితంలో మొదటిసారి ఆలోచన తప్పేమో అనిపించింది. అది ఎంతోసేపు నిలవలేదు గాని, అనిపించిన మాట నిజం. గదిలోకి వెళ్ళి సొరుగు తెరిచి, సర్దుకోవడానికి తన సామాను ఏముందా అని చూసుకున్నాడు. దువ్వెన ఒకటి ఉంది.

అంతలో వీధిలోంచి కేక వినపడింది. రంపపు రొద మీద కూడా వినపడేలాంటి కేక. "డాక్టరుగారూ!"

అందరూ గేటు దగ్గరికి పరుగెత్తారు. మామగారు గౌను ముడి ఒక చేత్తో పట్టుకుని, వీధి మధ్యలో బండ్లను ఆపుకుంటూ తిరిగి వస్తున్నాడు. వచ్చి బావ ఎదురుగా నిలబడ్డాడు.

"ఒక్క మాట సూటిగా చెప్పండి. మీకు చేయి తిరిగిందా?"

"తిరిగిందండీ," అన్నాడు బావ. "ఎంతమందికి చేశానో లెక్కపెట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. మొదటివాడు మాత్రం గుర్తున్నాడు. ఆ రోజు నా చేతులు వణికాయి. మా గురువుగారు పక్కన నిలబడి పట్టుకున్నారు. వాడిప్పటికీ కనపడితే పలకరిస్తాడు."

మామగారు జనం వైపు తిరిగాడు. "విన్నారా? ఇదీ మాటంటే. అటు అద్దాల కొట్లో కూడా ఇదే ప్రశ్న అడిగాను. మీకు చేయి తిరిగిందా అని. ఒకడు నవ్వాడు. ఒకామె కాఫీ ఇచ్చింది. ఇంకొకడు భుజం తట్టి, మీకెందుకు సార్ మేమున్నాం కదా అన్నాడు. గోడలన్నీ చూశాను. ఒక్కదాని మీద కూడా నాకు అర్థమయ్యే ముక్క ఒక్కటీ లేదు. ఏం దాస్తున్నారో! కలప వ్యాపారంలో ఇది నాకు కొత్త కాదు. దుంగలో ముడి ఉంటే ముందే చూపించి అమ్మేవాడు నమ్మకస్తుడు. పైన పాలిష్ పెట్టి మెరిపించి అమ్మేవాడు దొంగ. ఇక్కడ ముడి చూపించారు. డాక్టరుతో పని లేకపోతే రావద్దన్నారు. మనుషులెక్కువైతే పని పాడవుతుందన్నారు. ఊపిరి ఉన్నంతవరకే మా పూచీ అని మంచం మీదే రాశారు. ఇంతకంటే నిక్కచ్చి మనుషులు ఎక్కడ దొరుకుతారు? పదండి, కొయ్యండి!"

ఆయన తనంతట తానే వెళ్ళి బండి మీద పడుకున్నాడు. ఆ గొంతు విన్నాక పెద్దసిస్టరు నోటీసు సంగతి మరిచిపోయి సూది పట్టింది. ఆ తర్వాత జరిగింది బావ చేయి తిరిగిన పని కాబట్టి చెప్పుకోవడానికి ఏమీ లేదు. రాళ్ళు వచ్చాయి, మామగారు వాటిని సీసాలో వేయించుకుని పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. అత్తగారి చెల్లెలి తాలూకు బంధువులు ఏడవడానికి సిద్ధపడి వచ్చి, సీసా చూసి వెళ్ళారు. ముడి చూపించే ఆసుపత్రి అని వీధిలో పేరు పడి, యాపిల్ తిన్నవాళ్ళు కూడా టోకెన్ల కోసం వరసలో నిలబడ్డారు.

మామగారు ఇంటికి వెళ్ళే రోజు బావ బావమరిదిని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"చూడు, అదృష్టం బాగుండి గట్టెక్కాం. గోడలన్నీ మళ్ళీ తెల్లగా కొట్టించు. నీ కుర్చీలో నువ్వు కూర్చో. మామగారికి నేను సర్దిచెప్తాను. ఒక్కటే షరతు. ఎవరడిగినా, అది పొరపాటున జరిగిందని చెప్పు. నీ తెలివని మాత్రం చెప్పకు."

"అలాగే బావా," అన్నాడు బావమరిది. కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనయింది.

వార్డులో మామగారు చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. సిస్టర్లు, హెడ్మాస్టరు, స్ట్రెచరు తాత, పెయింటరు అందరూ చుట్టూ ఉన్నారు. మామగారు అల్లుడిని ఎగాదిగా చూశాడు. పెళ్ళయ్యాక ఆయన అలా చూడడం ఇదే మొదటిసారి. ఆ చూపులో గౌరవం లాంటిదేదో ఉంది.

"అల్లుడూ, ఒక్కటి అడుగుతాను. ఏ గోడ మీద ఏది రాయాలో నువ్వు ఆలోచించి రాయించావా, లేక ఏదో పొరపాటున అలా కుదిరిందా?"

బావ గట్టిగా దగ్గాడు. పెయింటరు నోరు తెరవబోయి, పెద్దవాళ్ళ మధ్య ఎందుకని మూసుకున్నాడు. బావమరిది అందరి మొహాలూ చూశాడు. అందరూ తన వైపే చూస్తున్నారు. ముందు బల్ల దగ్గరి అమ్మాయి కూడా మౌనం మాని వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇలాంటి రోజు మనిషి జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది? బావ ఇంకోసారి దగ్గాడు. ఈసారి దగ్గులో బతిమాలడం కూడా ఉంది.

"పొరపాటేమిటి మామయ్యగారూ!" అన్నాడు బావమరిది ఛాతీ విరిచి. "ఒక్కో గోడా చూసి, ఒక్కో సామెతా తూచి పెట్టించాను. రోగి దగ్గర దాపరికం ఉండకూడదు, అదీ నా సిద్ధాంతం."

మామగారు లేచి అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. దుంగలు ఎత్తిన చెయ్యి, బరువుగా ఉంది. "నేను అదే అనుకున్నాను. ఇంత బుర్ర ఇక్కడ మందుల వాసనలో పాడవుతోంది. రేపట్నుంచి మా మిల్లు నీది. రంపం దగ్గరే నీకు కుర్చీ వేయిస్తాను, వచ్చినవాడికి నువ్వే ముడి చూపించు. డాక్టరుగారూ, మా అల్లుణ్ణి తీసుకుపోతాను. కాదనకండి."

బావ బావమరిది వైపు చూశాడు. "మీ మాట ఎలా కాదంటానండీ," అన్నాడు.

ఆ సాయంత్రం మామా అల్లుడూ కలిసి ఆసుపత్రి మెట్లు దిగారు. నొప్పి తగ్గి దిగింది మాత్రం మామగారొక్కరే.